బాల్సాకర్రతో విమాన నమూనా రెక్కలు - పల్లె బడికి తగిన పని

పలనాటి మిరపచేలపైనను, ప్రత్తిచేలపైనను మందుచల్లు డ్రోనులు ఎగురుట నేడు వింత గాదు. స్త్రీల స్వయంసహాయక సంఘములలో 15,000 సంఘములకు డ్రోనులు సమకూర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2023లో ఆమోదించినది. అయితే ఆ యంత్రము గాలిలో ఎట్లు నిలిచినదని బడిపిల్లలు అడిగినచో సరియైన సమాధానము చెప్పగలవారు ఊరిలో ఎందరుందురు? యంత్రమును కొనుట ఒకటి, యంత్రమును ఎరుగుట మరియొకటి. ఎరుగని యంత్రము చెడినపుడు పట్టణమునకు పరుగిడవలయును. ఎరిగిన యంత్రము చెడినపుడు ఊరిలోనే బాగుపడును. ఆయిలు ఇంజనులు, కరెంటు మోటారులు మన గ్రామములకు వచ్చిన కాలమున ఈ భేదము రైతులందరికిని అనుభవములోనికి వచ్చినదే.

ఎగురు యంత్రమును ఎరుగుటకు మిక్కిలి చౌకైన మార్గమొకటి కలదు. అది ఒక రెక్కను స్వయముగా కట్టి, గాలిలోనికి విడిచి చూచుట. బాల్సా అను తేలిక కర్రతో ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ పనిని చేయగలరు. ఇది పిల్లల ఆటగదా, పంచాయతీకి దీనితో ఏమి పని యని కొందరు సభ్యులు అనుకొనవచ్చును. 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఫలితముగా ఏర్పడిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. అందు ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, సాంకేతిక శిక్షణయు, గ్రంథాలయములును చేరియున్నవి. కావున బడిలో ఒక బల్లయు, నాలుగు పనిముట్లును ఉన్నవా లేవాయని చూచుట పంచాయతీ సభ్యుల పనియే. ఆ పని తెలిసి చేయుటకై రెక్క కట్టు విధానమును ఈ వ్యాసమున వివరించుచున్నాము.

బొమ్మనుండి పెరిగిన విద్య

విమానవిద్య చరిత్రలో బొమ్మలకు గొప్ప స్థానము గలదు. 1871లో ఆల్ఫోన్స్ పెనో అను ఫ్రెంచి యువకుడు మెలిపెట్టిన రబ్బరు త్రాటి బలముతో నడచు చిన్న విమాన నమూనాను పారిస్ నగరపు ఉద్యానవనములో ఎగురవేసెను. అది 11 సెకనులలో సుమారు 40 మీటరుల దూరము పోయెను. ఆయన పద్ధతిననుసరించి చేసిన రబ్బరు త్రాటి ఎగురుబొమ్మ నొకదానిని 1878లో అమెరికాలో ఒక తండ్రి తన కుమారులకు తెచ్చి యిచ్చెను. ఆ కుమారులే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ సోదరులు. 1903 డిసెంబరు 17వ తేదీన వారి విమానము తొలిసారి 12 సెకనులపాటు 120 అడుగుల దూరము ఎగిరెను. దాని రెక్కలు కర్రతో కట్టి నూలుగుడ్డ కప్పినవే. వారు సైకిళ్ళు బాగుచేయు అంగడివారు. కళాశాల పట్టములు పొందినవారు గారు.

మన దేశమునందును ఈ విద్యకు గుర్తింపు కలదు. ఎన్.సి.సి. వాయు విభాగపు శిక్షణలో విమాన నమూనాల నిర్మాణము ఒక భాగము. దేశమంతటినుండి వచ్చు విద్యార్థులు పాల్గొను అఖిల భారత వాయుసైనిక శిబిరమునందు ఇందుకు పోటీలు కూడ జరుగును. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు నెలకొల్పబడినవి. ఇవి 6వ తరగతినుండి 12వ తరగతి వరకు చదువు పిల్లలకు చేతిపని ద్వారా శాస్త్రము నేర్పుటకు ఉద్దేశింపబడినవి. ఇట్టి ప్రయోగశాల దగ్గరలో నున్నచో మంచిదే. లేకున్నను మేము చెప్పబోవు పని ఆగనక్కరలేదు.

బాల్సా యనగా నేమి?

బాల్సా దక్షిణ, మధ్య అమెరికా ఖండముల వేడి అడవులలో పెరుగు చెట్టు. స్పానిష్ భాషలో బాల్సా యనగా తెప్ప. ప్రపంచమునకు అందు బాల్సాకర్రలో అత్యధిక భాగము ఈక్వడార్ దేశమునుండి వచ్చును. ఈ చెట్టు మిక్కిలి త్వరగా పెరిగి అయిదారు సంవత్సరములలోనే కోతకు వచ్చును. పచ్చిచెట్టు కణములనిండ నీరుండును. కోసిన పలకలను కొలిమిగదులలో ఆరబెట్టినపుడు నీరుపోయి కణముల గోడలు మాత్రము మిగులును. అందుచేతనే అంత తేలికదనము. ఒక ఘనమీటరు నీరు 1,000 కిలోలు తూగును. టేకు సుమారు 650 కిలోలు తూగును. బాల్సా సగటున 160 కిలోలు మాత్రమే తూగును. అనగా టేకులో నాలుగవవంతు.

తేలిక కర్ర యనగానే బలహీనమని తలపరాదు. 1947లో నార్వే దేశీయుడు థార్ హెయర్‌డాల్ తొమ్మిది బాల్సా దుంగలతో కోన్-టికి అను తెప్పను కట్టి, పెరూ దేశమునుండి బయలుదేరి 101 దినములు పసిఫిక్ మహాసముద్రముపై ప్రయాణము చేసెను. 1940 నవంబరులో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ యుద్ధవిమానము మస్కిటో యొక్క మొండెము రెండు పలుచని ప్లైవుడ్డు పొరలమధ్య బాల్సా నింపి చేసినది. గాలిమరల నిడుపాటి రెక్కలలోపల నేటికిని బాల్సా వాడుచున్నారు.

మస్కిటో కథలో మనకు పనికివచ్చు పాఠమొకటి కలదు. 1944లో మన దేశమునందును, బర్మా రంగమునందును పనిచేసిన కొన్ని మస్కిటోలు గాలిలోనే విరిగిపోయినవి. విచారింపగా జిగురుతో అతికిన కీళ్ళలోని లోపములును, ఉష్ణదేశపు తేమయు కారణములుగా కనబడినవి. కర్ర ఎంత మంచిదైనను అతుకు చెడినచో రెక్క నిలువదు. బడిపిల్లవాడు కట్టు రెక్కకును ఇదియే సూత్రము.

జొన్నదంటులోని రహస్యము

పలనాడు జొన్నలకు పేరుపొందిన సీమ. జొన్నదంటు బెండుతోను, దాని పై ఈనెలతోను బండ్లు కట్టి ఆడుకొనని పిల్లలు ఒకప్పుడు మన పల్లెలలో లేరు. ఆ దంటును ఒకసారి పరిశీలించుడు. పైన గట్టి పొర, లోపల మెత్తని బెండు. బెండును విడిగా వంచినచో తునిగిపోవును. ఈనెను విడిగా నిలిపినచో వంగిపోవును. రెండును కలిసియున్న దంటు మాత్రము పెద్ద కంకిని మోయుచు గాలికి నిలబడును. కారణమేమనగా, దేనినైనను వంచినపుడు ఒక ప్రక్క పైపొర సాగును, రెండవ ప్రక్క పైపొర నొక్కుకొనును. నడుమనున్న భాగమునకు శ్రమ తక్కువ. కావున బలమైన పదార్థము అంచులలోను, తేలిక పదార్థము నడుమను ఉన్నచో తక్కువ బరువుతో ఎక్కువ బిగువు లభించును. మస్కిటో మొండెము, గాలిమర రెక్క, జొన్నదంటు ఒకే సూత్రముపై నిలిచినవి. విమానపు రెక్క కట్టుబడియు అదియే.

రెక్క ఎట్లు లేపును?

రెక్క పైభాగము ఉబ్బుగాను, క్రిందిభాగము దాదాపు సమముగాను ఉండును. ముందంచు కొంచెము ఎత్తుగా నుండునట్లు అమర్చినపుడు రెక్క తనపై పారు గాలిని క్రిందికి మళ్ళించును. గాలిని క్రిందికి త్రోసినందుకు ప్రతిగా గాలి రెక్కను పైకి త్రోయును. అదే సమయమున రెక్క పైన ఒత్తిడి తగ్గి, క్రింద హెచ్చుగా నుండును. పైగాలి దూరము ఎక్కువ గనుక క్రిందిగాలిని వెనుకంచున కలిసికొనుటకై వేగముగా పోవునని కొన్ని పుస్తకములలో వ్రాయుదురు. అట్లు రెండును ఒకేసారి కలిసికొనవలెనను నియమమేదియు లేదు. పైగాలియే ముందుగా చేరునని ప్రయోగములవలన తేలినది.

రెండు సంగతులు గుర్తుంచుకొనవలయును. వేగము రెండింతలైన లేపు బలము నాలుగింతలగును. ముందంచును మితిమించి పైకెత్తినచో, అనగా సుమారు 15 డిగ్రీలు దాటినచో, పైగాలి రెక్కను వదలిపోయి లేపు బలము ఒక్కసారిగా పడిపోవును. డ్రోను పైన తిరుగు చిన్న ఆకులుకూడ రెక్కలే. మన రెక్క ముందుకు పోవుచు గాలిని క్రిందికి త్రోయగా, అవి గుండ్రముగా తిరుగుచు అదే పని చేయును.

ఇంటికప్పువంటి కట్టుబడి

రెక్క భాగములను మన గ్రామస్థులకు తెలిసిన ఇంటికప్పుతో పోల్చి చెప్పవచ్చును. కప్పునకు దూలమెట్టిదో రెక్కకు స్పార్ అట్టిది. రెక్క ఒక కొననుండి మరొక కొనవరకు పోవుచు బరువంతయు మోయునది అదియే. వాసములవలె దానికి అడ్డముగా వరుసగా నిలుచునవి రిబ్బులు. రెక్క ఆకారమునకు ఇవి ఆధారము. ముందంచు కర్రయు, వెనుకంచు కర్రయు రిబ్బుల కొనలను కలుపును. పైన కప్పు స్థానమున పలుచని కాగితముండును.

కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు ప్రభలు కట్టువారికి ఈ విద్య క్రొత్తగాదు. ఆకాశమంత ఎత్తున లేచు ప్రభను మొద్దుకర్రతో నింపి కట్టరు. నిలువు వాసములు, అడ్డుబద్దలు, మూలలకు మూలలు కలుపు ఏటవాలు కట్లు వేసి, ఖాళీలను కాగితముతోను, గుడ్డతోను కప్పుదురు. బరువు తగ్గించుచు గాలికి ఆగునట్లు చేయుటయే ఆ పనివారి నేర్పు. ప్రభ కట్టు చేతులుగల ఊరిలో రెక్క కట్టించుట కష్టము గాదు.

కొలతలు, సామగ్రి

తొలి ప్రయత్నమునకు తగిన రెక్క కొలతలివి: కొననుండి కొనకు పొడవు 90 సెంటీమీటరులు, వెడల్పు 12 సెంటీమీటరులు, మందము మిక్కిలి ఎత్తైన చోట 1.4 సెంటీమీటరులు. ఆ ఎత్తైన చోటు ముందంచునుండి సుమారు మూడవవంతు దూరమున ఉండవలెను. రిబ్బులు 5 సెంటీమీటరులకొకటి చొప్పున ప్రతి సగమునకు 10, మొత్తము 20. రిబ్బులకు 1.5 మిల్లీమీటరుల పలక; పైన క్రింద రెండు స్పారులకు 3 మి.మీ. మందము, 6 మి.మీ. వెడల్పుగల బద్దలు, ముందంచునకు 6 మి.మీ. చదరపు బద్ద, వెనుకంచునకు 20 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందము కలిగి వెనుకకు సన్నగిలు బద్ద కావలయును. ఒక మీటరు పొడవు, 10 సెంటీమీటరుల వెడల్పుగల పలక యొకటి రెండు రెక్కల రిబ్బులకు చాలును.

లెక్క చూచినచో ఈ రెక్కలో చేరు కర్ర 160 ఘన సెంటీమీటరులకు మించదు. దాని బరువు సుమారు 25 గ్రాములు. అంతే కర్ర టేకు ఐనచో 100 గ్రాములగును. జిగురు, కాగితము కలిసి బాల్సారెక్క 40 గ్రాముల లోపున ఉండవలెను. మొండెము, తోక చేర్చి విమానము మొత్తము 150 గ్రాములైనచో, అది గంటకు సుమారు 20 కిలోమీటరుల వేగముతో, అనగా సైకిలు పరుగుతో సమానముగా, గాలిలో జారును.

పలకలు ఎంచుటయందు నేర్పు కావలయును. బాల్సాలో ఒకే కొలతగల రెండు పలకలు బరువులో ఒకదానికి రెండింతలుండవచ్చును. కావున త్రాసులో తూచి ఏరవలయును. స్పారులకు కొంత బరువైన గట్టి బద్దలు, రిబ్బులకు తేలిక పలకలు వాడవలయును. పలక కోసిన తీరును బట్టియు గుణము మారును. పైన చుక్కలు చుక్కలుగా మెరయు పలక బిగువుగలది, వంగదు. అది రిబ్బులకు తగినది. పొడవు చారలుగల పలక అడ్డముగా సులభముగా వంగును. అది గుండ్రని అంచులపై పొదుగుటకు తగినది.

ఇవి గాక సమమైన చెక్కబల్ల, గుండుసూదులు, పదునైన బ్లేడు, ఇనుప కొలబద్ద, మూలమట్టము, గరుకు కాగితము, వడ్రంగులు వాడు తెల్లజిగురు, పలుచని టిష్యూ కాగితము, చిన్న త్రాసు చాలును.

కట్టు విధానము

మొదట రెక్క పటమును అసలు కొలతతో కాగితముపై గీచి బల్లపై పరచి, పైన పలుచని ప్లాస్టిక్ కాగితము కప్పవలయును. లేనిచో జిగురు పటమునకు అంటుకొనును. బల్ల సమముగా లేనిచో రెక్క మెలిపడును. మెలిపడిన రెక్క ఎన్నటికిని నేరుగా ఎగురదు. కావున ఊరి వడ్రంగిచేత బల్లను ముందుగా చిత్రిక పట్టించుట మంచిది.

రెండవది రిబ్బులు కోయుట. ఒక్కొక్కటిగా కోసినచో ఇరువది రిబ్బులు ఇరువది ఆకారములగును. ప్లైవుడ్డుతో రెండు అచ్చులు చేసి, వాటిమధ్య చదరపు బాల్సా ముక్కలను దొంతరగా పేర్చి సూదులతో బిగించి, అన్నింటిని ఒకేసారి చెక్కి, గరుకు కాగితముతో రుద్ది, స్పారులకు గాడులు తీయవలయును. అపుడు అన్నియు ఒకే తీరుగా వచ్చును. కర్రనార రిబ్బు పొడవునకు, అనగా ముందంచునుండి వెనుకంచునకు పోవలెను; అడ్డముగా నున్నచో చేతిలోనే విరుగును.

మూడవది కూర్చుట. పటముపై క్రింది స్పారును, వెనుకంచు బద్దను సూదులతో నిలిపి, రిబ్బులను మూలమట్టముతో సరిచూచి నిలువుగా అతికి, పై స్పారును, ముందంచును అమర్చవలయును. సూదిని స్పారులోనికి గ్రుచ్చరాదు. గ్రుచ్చిన రంధ్రమువద్దనే బద్ద విరుగును. దానికి రెండు ప్రక్కల సూదులు ఏటవాలుగా నిలిపి పట్టియుంచవలెను. జిగురు పలుచగా రెండువైపుల రాచి, కీలు సందులేకుండ కుదిరిన పిదపనే అతుకవలయును. జిగురుతో సందు పూడ్చుట రెక్కకు బరువు, అతుకునకు చేటు.

నాలుగవది స్పారులను కలుపు అడ్డుగోడలు. పై స్పారు క్రింది స్పారులమధ్య ఖాళీలలో 1.5 మిల్లీమీటరుల పలక ముక్కలను అతుకవలెను. వీని నార నిలువుగా నుండవలెను. ఈ ముక్కల బరువు నామమాత్రము. కాని ఇవి లేనిచో రెండు స్పారులు విడివిడిగా వంగును, ఉన్నచో ఒకే దూలమువలె పనిచేయును. జొన్నదంటులో బెండు చేయు పని ఇదియే.

ఐదవది రెక్క కొనలను పైకెత్తుట. రెండు సగములను విడివిడిగా కట్టి, నడుమ కలిపెడి రిబ్బులను కొద్దిగా ఏటవాలుగా రుద్ది, ఒక సగమును బల్లపై అదిమి, రెండవ సగము కొనను 11 సెంటీమీటరుల ఎత్తున నిలిపి అతుకవలయును. అపుడు ఒక్కొక్క ప్రక్కకు ఐదున్నర సెంటీమీటరుల చొప్పున ఎత్తు వచ్చును. విమానము ఒక ప్రక్కకు ఒరిగి జారినపుడు క్రిందనున్న రెక్కకు గాలి ఎక్కువ తగిలి, అది తనంతట తానే లేచి నిటారగును. నడిపెడివాడు లేని నమూనాకు ఈ ఎత్తే కాపు. నడిమి కీలునకు రెండువైపుల ప్లైవుడ్డు బద్దను చేర్చి బలపరచవలెను. రెక్కలోని శ్రమ అంతయు అచటనే చేరును.

ఆరవది కాగితము కప్పుట. కట్టుబడినంతయు మెత్తని గరుకు కాగితముతో రుద్ది, టిష్యూ కాగితమును అంచులకు జిగురుతో అంటించి, పైన నీటిని తుంపరలుగా చల్లవలెను. ఆరినపుడు కాగితము బిగిసి డప్పువలె మ్రోగును. ఆరునంతవరకు రెక్కను సూదులతో, బరువులతో బల్లపై బంధించి యుంచనిచో బిగువు ఒక ప్రక్కకు లాగి మెలిపెట్టును. అపుడే రెండు కొనలవద్ద వెనుకంచు క్రింద 3 మిల్లీమీటరుల ముక్క నుంచి ఎత్తినచో, కొనలు నడిమికంటె తక్కువ కోణములో నుండును. రెక్క గాలిని వదలవలసి వచ్చినపుడు నడిమి భాగము ముందుగా వదలును. విమానము గిరికీలు కొట్టక మెల్లగా ముక్కు దించును. కాగితముపై పూయు డోప్ అను ద్రవము మండు స్వభావము గలది. దానిని ఉపాధ్యాయుడు దగ్గరనుండి, గాలి వచ్చుచోట, నిప్పునకు దూరముగా పూయించవలెను. రెంటచింతల ఎండలు ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదుగాని, పూర్తియైన రెక్కను వేసవి ఎండలో నుంచరాదు. కాగితము మరింత బిగిసి రెక్క మెలితిరుగును.

బరువు పరీక్ష

పెద్ద విమానముల రెక్కలను ఎగురకమునుపే నేలమీద బరువులతో పరీక్షించుట నియమము. పిల్లలును అట్లే చేయవలయును. చిన్న గుడ్డసంచులు 18 కుట్టి ఒక్కొక్క దానిలో 25 గ్రాముల ఇసుక పోయవలయును. రెక్కను బోర్లించి నడిమిని మాత్రము ఆధారముపై నిలిపి, రిబ్బుల నడుమ ఖాళీల వరుసన స్పారుపై ఒక్కొక్క సంచి నుంచవలయును. మొత్తము 450 గ్రాములు. అనగా విమానము బరువునకు మూడింతలు. కొనలు ఎంత వంగినవో కొలబద్దతో కొలిచి పుస్తకమున వ్రాయవలెను. సంచులు తీసిన పిదప కొనలు తొల్లింటి స్థానమునకు వచ్చినచో రెక్క మంచిది. విరిగినచో ఎచట విరిగినదో, కర్ర విరిగినదో అతుకు విడినదో చూచి వ్రాయవలెను. విరిగిన రెక్క నేర్పునది నిలిచిన రెక్క నేర్పుదానికంటె తక్కువగాదు. దానికై పిల్లలను కసరరాదు.

ఎగురవేయునపుడు ముందంచునుండి 4 సెంటీమీటరుల వద్ద రెండు వ్రేళ్ళపై నిలిపి, విమానము సమతూకముగా నున్నదేమో చూడవలెను. తోక బరువైనచో ముక్కున బంకమన్ను చేర్చవలెను. గాలి లేని ఉదయవేళ, పైరు కోసిన చేనిలో, కరెంటు తీగలకును కాలువలకును దూరముగా, భుజము ఎత్తునుండి కొంచెము క్రిందిచూపుగా మెల్లగా విడువవలయును. చేతితో విడుచు గ్లయిడరులకు ఇంతకంటె జాగ్రత్త అక్కరలేదు. రేడియో సంకేతములతో నడుపు యంత్రములకు మాత్రము 2021 నాటి డ్రోన్ నిబంధనలు వర్తించును. అవి ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినవి. పసుపు, ఎరుపు మండలములలో అనుమతి లేనిదే ఎగురవేయరాదు. నాగార్జునసాగర్ ఆనకట్టవంటి రక్షిత స్థలములకు దగ్గర గ్రామములవారు ఈ సంగతిని ముందుగా విచారించుకొనవలెను.

బాల్సా దొరకనిచోట

బాల్సా మన ఊరి అంగడిలో దొరకదు. నగరములలోని నమూనా సామగ్రి అంగళ్ళనుండి తపాలా ద్వారా తెప్పించవలయును. అంతవరకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదు. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్ల పొణికి తేలికగా చెక్కుటకు వచ్చును. వెదురు చీలికలు స్పారులకు, అంచులకు మిక్కిలి బలమైనవి. బాసికములకు వాడు బెండు తేలికయే గాని వంపునకు ఆగదు, కావున రిబ్బులకు మాత్రము పరీక్షించి చూడవచ్చును. బాల్సారెక్కయు, వెదురురెక్కయు పక్కపక్కన కట్టి, తూచి, అవే ఇసుక సంచులతో పరీక్షించినచో పిల్లలకు పదార్థ విజ్ఞానములోని మొదటి పాఠము వచ్చినట్లే. ఏ కర్ర మంచిదని మేము చెప్పుటకంటె త్రాసు చెప్పుట మేలు.

పంచాయతీ చేయదగినవి

మొదటిది, పాఠశాలలోనో, గ్రంథాలయములోనో తాళముగల ఒక గదిని, సమమైన రెండు బల్లలను, వెలుతురును ఏర్పరచుట. రెండవది, శాస్త్రోపాధ్యాయునితోపాటు ఊరి వడ్రంగిని వారమునకొకసారి పిలిపించి, ఆయన సమయమునకు తగిన ప్రతిఫలమిచ్చుట. నార దిశ, చిత్రిక, మూలమట్టము గురించి ఆయనకంటె బాగుగా చెప్పగలవారు లేరు. తమ ఊరి పనివానిని బడిలో గురువుగా చూచిన పిల్లలకు చేతిపనిపై గౌరవము పెరుగును. దుర్గి రాతి శిల్పులు పుట్టిన సీమలో ఈ మాట ఎక్కువ చెప్పనేల? మూడవది, బాలికలు బల్లచుట్టు నిలుచు ప్రేక్షకులుగా గాక బ్లేడు పట్టి పనిచేయువారుగా ఉండునట్లు చూచుట. డ్రోనులను నడుపుటకు ప్రభుత్వము స్త్రీలనే ఎంచుకొన్న కాలమున వారి కుమార్తెలకు రెక్క సంగతి తెలియకుండుట తగదు. నాలుగవది, కొలతలు, బరువులు, ఎగిరిన దూరములు వ్రాయు పుస్తకమును ఉంచి, మూడు నెలలకొకసారి సభ్యులు దానిని చదువుట. రెక్క ఎంత అందముగా నున్నదని అడుగుటకంటె, మొదటి రెక్కకును మూడవ రెక్కకును బరువులో ఎంత భేదము వచ్చినదని అడుగుట ఫలదాయకము.

ప్రారంభోత్సవమునాడు ఒక నమూనాను వ్రేలాడదీసి ఫొటోలు తీయించుకొని, మరునాడు గదికి తాళము వేయుటవలన ఎవరికిని లాభము లేదు. వస్తువు తక్కువైనను, పని ఎడతెగక సాగవలెను. ఐదుగురు పిల్లలు ఒక పలక బాల్సాతో నెలకొక రెక్క కట్టినను చాలును.

కృష్ణానదిపై నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగినది; 1967లో కాలువలకు నీరు విడువబడినది. ఆ నీటితో మెట్టచేల రూపు మారినది. ఆ కాలమున రాళ్ళు మోసినవారు మన పెద్దలు. లెక్కలు వేసినవారిలో మన పల్లెలవారు తక్కువ. నేడు ఆకాశమున క్రొత్త పనులు పుట్టుచున్నవి. రాబోవు యంత్రములకు లెక్కలు వేయువారు, వాటిని బాగుచేయువారు మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతముల బడులనుండి రావలెనన్నచో, వారి చేతులకు పని నేడే అందవలయును. అందుకు వలసినది ఒక సమమైన బల్ల, ఒక పదునైన బ్లేడు, కొన్ని తేలిక బద్దలు, పిల్లలతో కూర్చుండి ఓపికగా చూచు పెద్దవారు. మొదటి మూడింటిని కొనవచ్చును. నాలుగవది సభ్యులు తామే సమకూర్చవలసినది.